ఒంట్లో చేవ ఎంత?

బలం మాట వచ్చేసరికి మన చూపు ముందు ఒంటి మీదకే పోతుంది. మనిషి నిండుగా కనిపిస్తే ఒళ్ళు చేశాడని మెచ్చుకుంటాం, బక్కపలచగా ఉంటే తిన్నది ఒంటబట్టడం లేదని జాలిపడతాం. ఈ అలవాటు వైద్యుడికి పనికిరాదని చరక సంహిత సూటిగా హెచ్చరిస్తుంది. విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో రోగిని పరీక్షించాల్సిన పది విషయాలు చెప్పారు: ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయసు. మూడోదైన సారం గురించి చెబుతూ, భారీ మనిషి గనక బలవంతుడనీ చిన్న మనిషి గనక బలహీనుడనీ తేల్చేసే వైద్యుడు మోసపోతాడని అంటుంది ఆ గ్రంథం. తన ఒంటికి మించిన బరువు లాక్కుపోయే చీమను ఉదాహరణగా చూపిస్తుంది. ఇవాళ ఆయుర్వేదం అనగానే అందరి నోటా వినిపించేది వాత, పిత్త, కఫ ప్రకృతులే. 2024 నవంబరులో మొదలైన దేశవ్యాప్త ప్రకృతి పరీక్షలో కోటిమందికి పైగా పాల్గొన్నారని ఆయుష్ శాఖ ప్రకటించింది. సారపరీక్షకు అంత పేరు లేదు. కానీ ఆ పదింటిలోనూ ఇప్పటి వైద్యవిజ్ఞానంతో ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడగలిగింది ఇదేనని నా అభిప్రాయం. ఇది వేసిన ప్రశ్న సరైనది. జవాబు రాబట్టే పద్ధతిని మాత్రం ఎవరూ ఇంకా గట్టిగా పరీక్షకు పెట్టలేదు.

శరీరాన్ని రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే ఏడు ధాతువులుగా ఆయుర్వేదం చూస్తుందని చాలామందికి తెలుసు. ఒక్కో ధాతువు ఎంత ఉందన్నది ఒక లెక్క, ఎంత మేలైనదన్నది మరో లెక్క. వడ్రంగి దుంగ లావు చూసి మురిసిపోడు, లోపల చేవ ఎంతుందో చూస్తాడు. సారపరీక్ష వెతికేది ఆ చేవనే. రసధాతువు స్థితిని చర్మంలో చూస్తారు గనక మొదటిది త్వక్సారం. తరవాతి ఆరు ధాతువులకు ఆరు, మనసుకు సత్త్వసారం, మొత్తం ఎనిమిది. చర్మం నున్నగా, మెత్తగా, సన్నని వెంట్రుకలతో కాంతిగా ఉంటే త్వక్సారం బాగున్నట్టు. పెదవులు, నాలుక, గోళ్ళు, అరచేతులు, అరికాళ్ళు ఎర్రగా నిగనిగలాడితే రక్తసారం. కణతలు, మెడ, భుజాలు, ఛాతీ, కీళ్ళు గట్టి కండతో కప్పి ఉంటే మాంససారం. మడమలు, చీలమండలు, మోకాళ్ళు, మోచేతులు, గడ్డం, పళ్ళు దిట్టంగా ఉంటే అస్థిసారం. ఇలా చూసి మనిషిని ప్రవర, మధ్యమ, అవర అనే మూడు మెట్లలో ఒకదాని మీద నిలబెడతారు. ఆయుర్వేద కళాశాలల ఆసుపత్రుల్లో కేసుషీటు మీద ఈ మూడు మాటల్లో ఒకదాన్ని రాయడం నేటికీ ఉంది.

ఈ మెట్టు తేల్చడం దేనికన్నదే అసలు విషయం. అదే అధ్యాయంలో, బలం తక్కువున్న రోగికి పరీక్షించకుండా తీక్ష్ణమైన మందు ఇస్తే ప్రాణం మీదకు వస్తుందనీ, క్షారం, అగ్నికర్మ, శస్త్రకర్మ లాంటివి అతను తట్టుకోలేడనీ ఉంది. బలమైన మనిషికి ముదిరిన జబ్బు చేసినప్పుడు పసరుమందు లాంటి అల్పమైన వైద్యం చేస్తే పని జరగదనీ ఉంది. అంటే చికిత్స ధాటికి ఈ ఒళ్ళు నిలుస్తుందా అన్నది ముందే అంచనా వేయడమన్నమాట. ఇప్పటి వృద్ధుల వైద్యంలో ఇదే ప్రశ్నను వేరే పేరుతో అడుగుతున్నారు. 2001లో లిండా ఫ్రైడ్ బృందం అమెరికాలో 65 ఏళ్ళు దాటినవారిని పరిశీలించి, ఐదు గుర్తులతో దుర్బలతను నిర్వచించింది: అనుకోకుండా బరువు తగ్గడం, ఊరికే అలసట, చేతిపట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గిపోవడం. మూడు లేదా అంతకన్నా ఎక్కువ గుర్తులుంటే ఆ మనిషి దుర్బలుడు. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో శస్త్రచికిత్సకు వచ్చిన 594 మంది వృద్ధుల మీద ఈ కొలబద్ద వాడి చూస్తే, దుర్బలుల్లో ఆపరేషను తరవాతి ఇబ్బందుల ముప్పు రెండున్నర రెట్ల దాకా ఉంది. వయసు ఒక్కటే చూసి కత్తి పట్టడం చాలదని సర్జన్లు ఇప్పుడు ఒప్పుకుంటున్నారు.

బరువు, ఎత్తు చూసి మనిషిని అంచనా వేయడంలో ఉన్న మోసాన్ని ఒక్క ఫోటోతో తేటతెల్లం చేసిన వ్యాసం 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రాసిన ఇద్దరూ వైద్యులే, పుణె నుంచి సి.ఎస్. యాజ్ఞిక్, లండన్ నుంచి జాన్ యుడ్కిన్. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచికా ఒకటే, 22.3. స్కాన్ తీస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఎత్తుకు తగ్గ బరువే ఉన్నా, ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది సూచిక చెప్పలేదు. సన్నగా కనిపిస్తూనే కొవ్వు మోసే ఈ తీరు మన దేశంలో మధుమేహం ఇంతగా పెరగడానికి ఒక కారణమని పరిశోధకులు అంటున్నారు. సూత్రస్థానం 21వ అధ్యాయంలో స్థూలకాయం గురించి చెబుతూ, అలాంటివారిలో మేదస్సు ఒక్కటే పెరిగి తక్కిన ధాతువులకు పోషణ అందదని చరక సంహిత అంటుంది. లావెక్కిన ఒంట్లో కండ క్షీణించి ఉండవచ్చని ఆధునిక వైద్యం పేరు పెట్టి చెప్పింది ఈ మధ్యకాలంలోనే.

కండ సంగతీ ఇంతే. అమెరికాలో డెబ్బయ్యోపడిలో ఉన్న 1,880 మందిని మూడేళ్ళు గమనించి 2006లో వెలువరించిన అధ్యయనంలో, కాలి కండ ఏటా సుమారు ఒక శాతం తరిగితే కాలి బలం దానికి మూడింతలు తగ్గింది. కండ పెరిగినవారికి కూడా బలం నిలవలేదు. కండ పరిమాణం ఒక తీరున, కండ పనితనం మరో తీరున నడుస్తున్నాయన్నమాట. 2015లో మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేల మంది చేతిపట్టు కొలిచి వెలువరించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. పట్టు ఐదు కిలోలు తగ్గినకొద్దీ మరణం ముప్పు 16 శాతం పెరిగింది. రాబోయే ముప్పు చెప్పడంలో పై రక్తపోటు అంకెకన్నా చేతిపట్టే మెరుగని తేలింది. పిడికిలి బిగిస్తూ కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని దీనర్థం కాదు లెండి. పట్టు అనేది లోపలి స్థితికి ఆనవాలు. ఇలాంటివన్నీ పోగుపడ్డాకే వైద్యనిపుణుల బృందాలు వయసు మీదపడి కండ క్షీణించడాన్ని నిర్ధారించేటప్పుడు కండ ఎంతుందన్నదాన్ని వెనక్కి నెట్టి బలాన్ని ముందుకు తెచ్చాయి. ఆసియా దేశాల నిపుణుల లెక్క ప్రకారం మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోలకన్నా తక్కువుంటే పట్టు సడలినట్టే.

పరిమాణానికీ నాణ్యతకూ మధ్య ఉన్న దూరం ఎముకల్లో కనిపించినంత కఠోరంగా మరెక్కడా కనిపించదు. అందుకు సాక్ష్యం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో వైద్యులు నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. ఆ పల్లెల్లో కొన్ని తరవాత ప్రకాశం జిల్లా కిందకు వచ్చాయి. ఆ తరవాత నల్గొండ పేరు ఈ జబ్బుకు పర్యాయమైపోయింది. ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగినవారి వెన్నెముక ఎక్స్‌రే తీస్తే ఎముక మామూలుకన్నా తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. పైపైన చూసినవాడు ఇంత గట్టి ఎముకా అనుకోవచ్చు. కానీ ఆ మనిషి నడుం వంగదు, మెడ తిరగదు. కీళ్ళ దగ్గర కొత్త ఎముక పెరిగి, నరాలు నొక్కుకుపోయి, మంచాన పడినవారు ఎందరో. చిక్కదనం పెరిగింది, పనికొచ్చే గుణం పోయింది. ఫ్లోరైడు ఎముకను చిక్కబరుస్తుందన్న సంగతి పట్టుకుని, గుల్లబారిన ఎముకలకు దాన్నే మందుగా ఇవ్వచ్చని ఒకప్పుడు వైద్యులు ఆశపడ్డారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ముట్లుడిగిన 202 మంది స్త్రీల మీద నాలుగేళ్ళు నడిపిన పరీక్ష ఫలితాలు 1990లో వచ్చాయి. సోడియం ఫ్లోరైడు తీసుకున్నవారి నడుం ఎముకల సాంద్రత 35 శాతం పెరిగింది. మందుల చరిత్రలోనే అరుదైన పెరుగుదల అది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వెన్నెముక కాని చోట్ల ఎముకలు విరగడమూ చిట్లడమూ ఫ్లోరైడు తీసుకున్నవారిలో 72, తీసుకోనివారిలో 24. అంకె మీద గెలిచిన మందు ఎముక మీద ఓడిపోయింది. టైప్-2 మధుమేహ రోగుల్లోనూ సాంద్రత మామూలుగానో కాస్త ఎక్కువగానో ఉండి కూడా ఎముకలు విరిగే ముప్పు ఎక్కువగా ఉండడం వైద్యులకు తెలిసిందే. ఈ అనుభవాలన్నీ చూశాకే 2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన సదస్సు, ఎముక బలమంటే సాంద్రతా నాణ్యతా కలిసినదని నిర్వచనం మార్చి రాసుకుంది.

ఇక్కడొక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఇప్పుడు తేలినవాటిని తీసుకెళ్ళి పాత గ్రంథంలో దూర్చి, అన్నీ మనవాళ్ళకు అప్పుడే తెలుసని చంకలు గుద్దుకోవడం కాదా ఇది? ఆ జబ్బు మనకు ఉన్నమాట నిజమే. అందుకే హద్దు ముందే గీసుకోవాలి. ఫ్లోరైడు సంగతి చరకుడికి తెలియదు. కండ పోగులూ హార్మోన్లూ తెలియవు. రసం రక్తంగా, రక్తం మాంసంగా, మాంసం మేదస్సుగా వరసగా మారతాయన్న ధాతువుల క్రమాన్ని ఇప్పటి శరీరధర్మశాస్త్రం ఒప్పుకోదు. కండ మారి కొవ్వు కాదు, కొవ్వు మారి ఎముక కాదు. మడమతో మొదలయ్యే అస్థిసార లక్షణాలు చూసి, మడమ దగ్గర శబ్దతరంగాలతో ఎముకను పరీక్షించే యంత్రాన్ని ఆనాడే ఊహించారని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవాల్సిందే. ఆ గ్రంథానికి మనం ఇవ్వాల్సిన గౌరవం ఒక్క విషయానికే: ఒంటి మొత్తానికి ఒకే మార్కు వేయకుండా, ఒక్కో ధాతువునూ విడివిడిగా, పరిమాణంతో ముడిపెట్టకుండా చూడమన్న పద్ధతికి. ఒకే మనిషిలో ఎముక గట్టిగా, కండ నాసిగా ఉండవచ్చన్న ఆలోచన అందులో ఉంది. శరీర ద్రవ్యరాశి సూచిక దగ్గర ఆగిపోయిన మన ఆరోగ్య శిబిరాలకు ఆ మాత్రం ఆలోచన కూడా ఇంకా అందలేదు.

పద్ధతి సంగతి చూద్దాం. లక్షణాలు చూసి లోపలి స్థితి చెప్పడం ఎంతవరకు నిలుస్తుంది? రక్తసారం ఇందుకు మంచి ఉదాహరణ. అరచేతులు, గోళ్ళు, పెదవులు, నాలుక చూడమంటుంది శాస్త్రం. రక్తహీనతకు అల్లోపతి డాక్టరు చూసేదీ ఇవే, అదనంగా కంటి కింది రెప్ప లాగి చూస్తాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వీళ్ళలో ఎక్కువమందిది తేలికపాటి, మధ్యరకం రక్తహీనత. సమస్య అక్కడే ఉంది. హిమోగ్లోబిన్ బాగా పడిపోతే అరచెయ్యి పాలిపోవడం ఎవరి కంటికైనా ఆనుతుంది. పదికో పదకొండుకో తగ్గినప్పుడు ఆరితేరిన కన్ను కూడా తరచూ పొరబడుతుంది. చామనఛాయ, నలుపు, గదిలో వెలుతురు అన్నీ అడ్డం వస్తాయి. అలాగని చూపును పారేయలేదు ఆధునిక వైద్యం. ఐదేళ్ళలోపు పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన మార్గదర్శకాల్లో బిడ్డ అరచెయ్యి పట్టుకుని పాలిపోయిందేమో చూడమని ఆరోగ్య కార్యకర్తకు నేర్పుతారు. బాగా తెల్లబారితే వెంటనే పెద్దాసుపత్రికి పంపమంటారు. ఆ గుర్తు ఎంత నమ్మదగ్గదో, ఎక్కడ తప్పుతుందో రక్తపరీక్షతో పోల్చి చూసుకున్నాకే దాన్ని నిలుపుకున్నారు. సారలక్షణాల్లో ప్రతిదానికీ జరగాల్సిన పని అదే.

అంతకన్నా ఇబ్బంది పెట్టే అభ్యంతరం మరొకటి ఉంది. ఈ లక్షణాలు ఆరోగ్యాన్ని చూపిస్తాయా, సంపదను చూపిస్తాయా? నున్నని చర్మం, మెరిసే జుట్టు, స్నిగ్ధమైన గొంతు నీడపట్టున కూర్చుని నెయ్యి తినేవారికి దక్కుతాయి. మే నెల ఎండలో ఉపాధి హామీ పనికి పోయి మట్టితట్టలు మోసే మనిషి చర్మానికి ఏ వైద్యుడు ప్రవరసారం అని రాస్తాడు? పైగా సారం బాగున్నవారికి ధనం, భోగం, అధికారం, సంతానం కలుగుతాయని కూడా గ్రంథం చెబుతుంది. అది వైద్యం దాటి సాముద్రికంలోకి జారిపోవడమే. ఆ వాక్యాలను చికిత్సలో ఏమాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. అయితే న్యాయంగా చెప్పాలంటే, నిగారింపే బలమని ఆ గ్రంథాలు అనలేదు. రక్తసారులు సుకుమారులు, కష్టానికీ వేడికీ తాళలేరని చరకం ఒప్పుకుంటుంది. మేదస్సారులు శ్రమకు ఓర్చుకోలేరని సుశ్రుత సంహిత అంటుంది. కష్టసహిష్ణుత, ఎడతెగని పనిచేసే ఓపిక అస్థిసారులకు చెప్పారు. సుశ్రుతుడి వరసలో సత్త్వం మొదట ఉంటుంది, చర్మం అన్నిటికన్నా చివర ఉంటుంది, ముందున్నదే మేలైనదని కూడా అక్కడ స్పష్టం చేశారు. ఒంటి మెరుపు చూసి మార్కులేసే వైద్యుడు తన శాస్త్రం చెప్పిన క్రమాన్నే తలకిందులు చేస్తున్నాడు.

ఇక ఒకే రోగిని ఇద్దరు వైద్యులు చూస్తే ఒకే మాట చెబుతారా అన్నది ఏ పరీక్షకైనా తొలి గండం. నాడి, ప్రకృతి లాంటి పరీక్షల విషయంలో జరిగిన అధ్యయనాల్లో వైద్యుల మధ్య పొత్తు కుదిరింది తక్కువే. సారపరీక్షలో వాడే స్నిగ్ధం, ప్రసన్నం, మృదువు లాంటి మాటలు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో అర్థం తీసుకునే ప్రమాదం ఇంకా ఎక్కువ. దీనికి సంప్రదాయ వైద్యుల సమాధానం ఒకటుంది: ఏళ్ళ తరబడి సాధన చేసిన కన్నుకూ చేతికీ తెలిసేది యంత్రం పట్టలేదని. సాధనకు విలువుంది, కాదనను. కానీ సాధన నిజంగా పదునెక్కితే ఇద్దరు సాధకుల మాట కలవాలి కదా. కలవనప్పుడు ఎవరి కన్నును నమ్మాలో రోగికి ఎలా తెలుస్తుంది? పైగా కొలత ఆయుర్వేదానికి పరాయిది కాదు. పదింటిలో ఐదోదైన ప్రమాణపరీక్షలో మనిషి ఎత్తు అతని వేళ్ళతో 84 అంగుళాలని చరకం లెక్కగట్టింది. సుశ్రుతం వేరే పద్ధతిలో కొలిచి 120 అంది. విమానస్థానం నాలుగో అధ్యాయంలోనైతే జఠరాగ్నిని, తిన్నది అరిగించుకునే శక్తిని బట్టీ, బలాన్ని శ్రమించే శక్తిని బట్టీ ఊహించమన్నారు. ఒంటిని చూసి కాదు, చేసిన పనిని చూసి బలం తెలుసుకోమన్నమాట. చేతిపట్టు కొలిచే పరికరం చేసేది సరిగ్గా ఈ పనే.

స్కాన్లు, పరికరాలు ఉన్నప్పుడు ఇక సారపరీక్ష ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఎముక సాంద్రతనూ ఒంట్లో కొవ్వునూ కొలిచే డెక్సా యంత్రం జిల్లా కేంద్రం దాటి ఎన్ని చోట్ల ఉందో చూస్తే ఆ ప్రశ్న బలం తగ్గుతుంది. పంచకర్మకు వచ్చిన రోగికి వమనం, విరేచనం లాంటివి చేయించే ముందు అతను తట్టుకుంటాడా లేదా అని ఆ గదిలోనే, ఆ పూటే తేల్చుకోవాలి. చేతిపట్టు, నడక వేగం, కుర్చీలోంచి లేవడం, పిక్క చుట్టుకొలత చూడడానికి టేపు, గడియారం, చిన్న పరికరం చాలు. విజయవాడ, హైదరాబాదు, వరంగల్, తిరుపతి ఆయుర్వేద కళాశాలల్లో చదివే పీజీ విద్యార్థులు కేసుషీటులో ప్రవర, మధ్యమ, అవర అని రాసే గడి పక్కనే ఈ నాలుగు అంకెలూ, హిమోగ్లోబినూ రాయడం మొదలుపెడితే పోయేదేమీ లేదు. ఇద్దరు వైద్యులు ఒకరి మాట ఒకరికి తెలియకుండా సారం నిర్ణయించాలి. చికిత్స తరవాత ఎవరు తేరుకున్నారో, ఎవరు నీరసించారో రాసిపెట్టాలి. కొన్నేళ్ళకు ఏ లక్షణం నిలుస్తుందో, ఏది కొట్టుకుపోతుందో లెక్క తేలుతుంది. కొట్టుకుపోయినవాటిని పాఠ్యపుస్తకంలో పాత విశ్వాసంగా పేర్కొని వదిలేసే ధైర్యం ఉండాలి.

ఈలోగా పాఠకులు ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. అరవై దాటిన పెద్దవాళ్ళను చేతుల్లేని కుర్చీని గోడకానించి కూర్చోబెట్టి, చేతులు రొమ్ము మీద కట్టుకుని ఐదుసార్లు వరసగా లేచి కూర్చోమనండి. పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నా, కళ్ళు తిరిగే బాధ ఉన్నా బలవంతం చేయకండి. ఐదుసార్లకూ కలిపి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే, మనిషి చూడడానికి ఎంత నిండుగా ఉన్నా సరే, డాక్టరుకు చూపించండి.